విమోచన ప్రకటన స్మారక ప్రింట్లు: చదవడానికీ, గుర్తుపట్టడానికీ, దాచుకోవడానికీ ఒక సమగ్ర మార్గదర్శి

అబ్రహాం లింకన్ గురించి కాస్త వెతికితే చాలు, ఒక బొమ్మ ఎక్కడో ఒకచోట తగులుతుంది. బల్ల చుట్టూ ఎనిమిది మంది పెద్దమనుషులు. అందరివీ నల్ల కోట్లే. మధ్యకు కాస్త ఎడమగా లింకన్, చేతిలో కాగితం. కింద ఎవరో ‘బానిసత్వాన్ని రద్దు చేస్తున్న లింకన్’ అని రాసేసి ఉంటారు. ఆ బొమ్మలో జరుగుతున్నది అది కాదు. ఆ రోజు ఎవరికీ సంకెళ్లు తెగలేదు. పైగా ఆ గదిలో చివరికి తేలిన మాట ‘ఇప్పుడే వద్దు, కొన్నాళ్లు ఆగుదాం’ అని.

తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాల్లోని బానిసలకు స్వేచ్ఛ ఇస్తూ లింకన్ చేసిన ఉత్తర్వే విమోచన ప్రకటన. దాన్ని గుర్తుచేసుకునే ఇలాంటి స్మారక ప్రింట్లు అమెరికాలో 1863 నుంచి ఆ శతాబ్దం చివరిదాకా బోలెడు వచ్చాయి. అక్కడ ఉన్న మనవాళ్లకు పాత సామాన్ల సంతల్లో, ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టే అమ్మకాల్లో ఇవి ఇప్పటికీ కనిపిస్తుంటాయి. ఇక్కడున్న వాళ్లకు పైసా ఖర్చు లేకుండా కంప్యూటర్ తెర మీదే దొరుకుతాయి. ఎక్కడ చూసినా పద్ధతి ఒకటే. నేను ప్రధానంగా ఒక్క ప్రింటునే పట్టుకుని చెబుతాను, మిగతావాటిని దాని పక్కన పెట్టి చూద్దాం.

మొదటి మెట్టు: ఒకే ఒక్క బొమ్మ, పెద్ద ఫైలు

పైన చెప్పిన బొమ్మ ఫ్రాన్సిస్ బిక్నెల్ కార్పెంటర్ అనే చిత్రకారుడు వేసిన తైలవర్ణ చిత్రం. దాన్ని స్టీలు పలక మీద చెక్కి ప్రింటుగా తెచ్చినవాడు అలెగ్జాండర్ హే రిచీ. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ప్రింట్లు, ఫోటోల విభాగానికి వెళ్లి రిచీ పేరుతో వెతకండి. చిన్న జేపెగ్‌తో సరిపెట్టుకోవద్దు. ‘టిఫ్’ అని ఉన్న పెద్ద ఫైలే దించుకోండి. ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లో తెరవండి, ఎందుకంటే మనకు కావాల్సిన విషయమంతా మూలల్లో, అంచుల్లో, నేల మీద ఉంటుంది. కాపీరైట్ టెన్షన్ కూడా లేదు, అంత పాత ప్రింట్లకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది.

రెండో మెట్టు: మూడు తేదీలు రాసుకోండి

ఈ మెట్టు దాటేస్తే మిగతా పనంతా వృథా. ప్రతి స్మారక ప్రింటుకూ మూడు తేదీలుంటాయి: సంఘటన జరిగిన రోజు, బొమ్మ వేసిన కాలం, ప్రింటు అమ్మకానికి వచ్చిన సంవత్సరం. చాలామంది మొదటిదే చూస్తారు. ప్రింటులోని అర్థం మాత్రం ఎక్కువగా మూడోదాంట్లో ఉంటుంది.

మన బొమ్మకు మొదటి తేదీ 1862 జూలై 22. విమోచన ప్రకటన చిత్తుప్రతిని లింకన్ మంత్రివర్గానికి తొలిసారి చదివి వినిపించిన రోజు. అమెరికా అంతర్యుద్ధంలో లింకన్ పక్షమైన ఉత్తరాది సైన్యం దెబ్బల మీద దెబ్బలు తింటున్న సమయం అది. విదేశాంగ మంత్రి విలియం సీవార్డ్ అడ్డు తగిలాడు. ఓటముల మధ్య దీన్ని బయటపెడితే చేతకాక వేసిన ఆఖరి కేకలా వినిపిస్తుందనీ, ఒక గెలుపు వచ్చాక ప్రకటిద్దామనీ ఆయన వాదన. లింకన్ ఒప్పుకుని కాగితం పక్కన పెట్టాడు. సెప్టెంబర్ 17న యాంటీటమ్ యుద్ధంలో దక్షిణాది సైన్యం వెనక్కి తగ్గింది. 22న ప్రాథమిక ప్రకటన వచ్చింది. తుది ప్రకటన మీద సంతకం పడింది 1863 జనవరి 1న.

రెండో తేదీ 1864. కార్పెంటర్ ఆ ఫిబ్రవరిలో వైట్ హౌస్‌కు వచ్చి, అక్కడి భోజనశాలనే స్టూడియోగా చేసుకుని ఆరు నెలలపాటు వేశాడు. అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం. లింకన్ మళ్లీ గెలుస్తాడో లేదో ఎవరికీ నమ్మకం లేదు.

మూడో తేదీ 1866. న్యూయార్క్‌లోని డెర్బీ అండ్ మిల్లర్ సంస్థ ప్రింటును విడుదల చేసింది. మధ్యలో ఎంత జరిగిపోయిందో చూడండి. 1865 జనవరి 31న ప్రతినిధుల సభ 119–56 ఓట్లతో పదమూడో రాజ్యాంగ సవరణను ఆమోదించింది. ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది. డిసెంబర్ 6 నాటికి సవరణకు కావాల్సినన్ని రాష్ట్రాల ఆమోదం దొరికి దేశమంతటా బానిసత్వం చట్టప్రకారం రద్దయింది. ఈ ప్రింటుకు అందరికన్నా ముందు చందాదారుగా చేరింది లింకనే, 50 డాలర్ల ఆర్టిస్ట్ ప్రూఫ్ (మొదట తీసే మేలిరకం అచ్చు) ప్రతికి. అది తయారయ్యేసరికి ఆయన లేడు. అంటే 1866లో దీన్ని కొని గోడకు తగిలించుకున్న కుటుంబం చూసింది మంత్రివర్గ సమావేశాన్ని కాదు, చనిపోయిన నాయకుణ్ణి. మనవాళ్లు హాల్లో దండ వేసిన ఫోటో పెట్టుకునే తీరే అది.

మూడో మెట్టు: అంచుల్లో ఉన్న చిన్న అక్షరాలు

బొమ్మ కింద ఎడమ మూలన చిత్రకారుడి పేరు, కుడి మూలన చెక్కినవాడి పేరు ఉండటం ఆనాటి ఆనవాయితీ. పేరు పక్కన ‘పింక్స్’ అని ఉంటే రంగుల్లో వేసినవాడు, ‘డెల్’ అంటే గీసినవాడు, ‘స్కల్ప్’ లేదా ‘ఎస్‌సీ’ అంటే పలక చెక్కినవాడు, ‘లిత్’ అంటే రాతి అచ్చు వేసినవాడు. మధ్యలో ప్రచురణకర్త పేరు, ఊరు ఉంటాయి.

అన్నిటికన్నా పనికొచ్చేది కాపీరైట్ వాక్యం. ‘ఫలానా సంవత్సరంలో కాంగ్రెస్ చట్టం ప్రకారం, ఫలానా జిల్లా కోర్టు గుమాస్తా కార్యాలయంలో నమోదైంది’ అని ఉంటే 1870కి ముందు నమోదైన ప్రింటు అని ఊహించవచ్చు. ఆ ఏడాది చట్టం మారి నమోదు పని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వెళ్లింది. అందుకే తర్వాతివాటి మీద లైబ్రేరియన్ ప్రస్తావన గానీ, ఒట్టి ‘కాపీరైట్’ అన్న మాట, ఏడాది గానీ కనిపిస్తాయి. ఉదాహరణకు సిన్సినాటికి చెందిన స్ట్రోబ్రిడ్జ్ సంస్థ లింకన్ బొమ్మతో, ప్రకటన పాఠంతో తెచ్చిన పెద్ద లితోగ్రాఫ్ 1888 నాటిది. దాన్ని ‘యుద్ధకాలపు అసలు ప్రతి’ అని ఎవరైనా చూపిస్తే ఈ ఒక్క లైనుతో తేల్చేయవచ్చు.

అలాగని అంచుల్లో అచ్చయినదంతా నిజమనుకోకూడదు. బాల్టిమోర్‌లో అడల్బర్ట్ వోల్క్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. పుట్టింది బవేరియాలో, మనసంతా దక్షిణాది వైపు. ఆయన రహస్యంగా వేసిన వ్యంగ్య ఎచింగుల (ఆమ్లంతో లోహపు పలక మీద గీతలు తెప్పించి తీసే అచ్చుల) మీద సంతకం ‘వి. బ్లాడా’ అని ఉంటుంది. అది ఆయన పేరులోని మొదటి అక్షరాలనే వెనక నుంచి రాసుకోవడం. ప్రచురణ స్థలం లండన్ అని వేశాడు, అదీ అబద్ధమే. ఉత్తరాది సైన్యం అదుపులో ఉన్న ఊళ్లో అలాంటి బొమ్మలు వేస్తూ అసలు చిరునామా ఎవరిస్తారు?

వోల్క్ బొమ్మను రిచీ ప్రింటు పక్కన పెట్టి చూడటం నేను గట్టిగా చెప్పే పని. అందులోనూ లింకన్ ప్రకటనే రాస్తున్నాడు. కాకపోతే కాలి కింద రాజ్యాంగం నలుగుతోంది, సిరాబుడ్డి పట్టుకున్నది దయ్యం. గోడ మీద ఒక పటంలో, బానిసత్వం మీద ఆయుధం పట్టి ఉరికెక్కిన జాన్ బ్రౌన్ తల వెనక కాంతి వలయంతో ఉంటాడు, ఇంకోదాంట్లో సాన్ డొమింగో (నేటి హైతీ) బానిసల తిరుగుబాటు హింస. ఒకే నిర్ణయం, ఒకే మనిషి, రెండు గదులు. స్మారక ప్రింటు ఎవరో ఒకరి పక్షం తీసుకునే పుడుతుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నాలుగో మెట్టు: ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు

కాగితం మీద గుర్తుగా చిన్న పటం గీసుకోండి. మన ఎడమ చివర కుర్చీలో యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్. ఆయన వెనక నిలబడింది ఆర్థిక మంత్రి సాల్మన్ చేజ్. తర్వాత లింకన్. బల్లకు అవతల తెల్లగడ్డంతో కూర్చున్నది నౌకాదళ మంత్రి గిడియన్ వెల్స్. వెనక నిలబడ్డ ఇద్దరిలో ఒకరు హోం వ్యవహారాలు చూసే కేలెబ్ స్మిత్, మరొకరు పోస్టుమాస్టర్ జనరల్ మాంట్‌గోమరీ బ్లెయిర్. బల్లకు ఇవతల, ముఖం పక్కవాటుగా మాత్రమే కనిపించేలా కూర్చున్నది సీవార్డ్. కుడి చివర అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ బేట్స్.

ఈ అమరిక యాదృచ్ఛికం కాదు. బానిసత్వం విషయంలో దూకుడుగా ఉన్న స్టాంటన్, చేజ్ ఒక వైపు. ఆచితూచి నడిచే పాతకాపులు మరో వైపు. లింకన్ మధ్యలో ఉన్నా, కుర్చీ దూకుడు వర్గానికే దగ్గర. అయితే నిజమైన సమావేశం ఇంత చక్కగా రెండుగా చీలలేదు. ఉదాహరణకు కుడి చివర కూర్చున్న బేట్స్ ప్రకటనకు మద్దతే ఇచ్చాడు. ఎన్నికల్లో దెబ్బతింటామని అడ్డుపడింది బ్లెయిర్.

కార్పెంటర్ ఎంచుకున్న క్షణం కూడా చూడండి. సీవార్డ్ మాట్లాడుతున్నాడు, మిగతావాళ్లు ఆ మాట వింటున్నారు. అంటే పేరు ‘తొలి పఠనం’ అయినా, చదవడం అయిపోయింది. బొమ్మ పట్టుకున్నది వాయిదా పడిన క్షణాన్ని. చిత్రకారుడిగా అది తెలివైన ఎంపికే అంటాను. కాగితం చదువుతున్న మనిషిని వేస్తే మిగతా ఏడుగురికీ పనేం ఉంటుంది?

ముఖాలు ఇంత కచ్చితంగా ఎలా వచ్చాయంటే, కార్పెంటర్ కోసం ఫోటోగ్రాఫర్ మాథ్యూ బ్రేడీ స్టూడియోకు చెందిన ఆంథొనీ బెర్జర్ 1864 ఏప్రిల్‌లో లింకన్ ఫోటోలు తీశాడు. కేలెబ్ స్మిత్ మాత్రం కార్పెంటర్ రాకముందే, ఆ జనవరిలోనే చనిపోయాడు. కాబట్టి ఆయన ఎదురుగా కూర్చుని వేయించుకున్న బొమ్మ కాదది. ఇంకో సంగతి. అసలు చిత్రాన్ని కార్పెంటర్ తర్వాత ఏళ్ల తరబడి దిద్దుతూనే ఉన్నాడు, లింకన్ ముఖంతో సహా. అందుకని ఆ చిత్రం మొదట్లో ఎలా ఉండేదో తెలియాలంటే రిచీ ప్రింటే దిక్కు.

ఐదో మెట్టు: వస్తువుల జాబితా

ఇప్పుడు మనుషుల్ని వదిలేసి బల్ల, నేల, గోడలు జూమ్ చేయండి. నేల మీద న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక ఉంది, విమోచన కోసం లింకన్ మీద ఒత్తిడి తెచ్చిన పత్రిక అదే. కుర్చీ దగ్గర ఆనించి ఉన్న పుస్తకం విలియం వైటింగ్ రాసినది, అధ్యక్షుడి యుద్ధాధికారాల మీద. శాంతికాలంలో లింకన్‌కు ఈ పని చేసే అధికారం లేదు. సైన్యాధిపతిగా, శత్రువు బలాన్ని దెబ్బతీసే చర్యగానే చేయగలిగాడు. ఆ న్యాయవాదనంతా ఆ ఒక్క పుస్తకంతో చెప్పేశాడు చిత్రకారుడు. గోడ మీద మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ చిత్రం ఉంది. ఆయన స్వయంగా బానిసల యజమాని. అయినా ఆ గోడ మీద చోటు దొరికింది, దక్షిణ కరోలినా కేంద్రాన్ని ధిక్కరించినప్పుడు తలవంచలేదు కాబట్టి. ఎడమ వైపు ఇంకో చిత్రం మాజీ యుద్ధ మంత్రి సైమన్ కామెరాన్‌ది. బానిసల చేతికి ఆయుధాలు ఇవ్వాలని తొందరపడి ఆయన అప్పటికే పదవి పోగొట్టుకున్నాడు.

కుడి మూలన కింద ఉన్న పటం దగ్గర ఎక్కువసేపు ఆగండి. 1860 జనగణన ఆధారంగా 1861లో ప్రభుత్వ తీర సర్వే సంస్థ (కోస్ట్ సర్వే) తయారుచేసిన దక్షిణాది పటం అది. ఏ కౌంటీ జనాభాలో బానిసల శాతం ఎక్కువో అక్కడ నలుపు ముదురుగా ఉంటుంది. మిసిసిపీ నది పొడవునా గాఢమైన నలుపు, అప్పలేచియన్ కొండల్లో దాదాపు తెలుపు. లింకన్‌కు ఎంతో ఇష్టమైన పటమట. దీని ప్రతి కూడా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో విడిగా దొరుకుతుంది, రెండూ పక్కపక్కన తెరిచి చూడండి.

ఆరో మెట్టు: బొమ్మలో లేనివాళ్లు

ఆ జనగణన ప్రకారం బానిసలు దాదాపు 40 లక్షల మంది. ఈ ప్రింటులో వాళ్లకు దక్కిన చోటు, మూలనున్న పటంలోని ఆ నలుపు మాత్రమే. ఒక్క నల్లజాతి ముఖం లేదు. సైన్యం శిబిరాలకు పారిపోయి వచ్చి, ఈ ప్రశ్నను ప్రభుత్వం ముందుకు నెట్టినవాళ్లు లేరు. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ లేడు. ప్రకటన దారి తెరిచాక సైన్యంలో చేరిన దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికుల ఊసు ఎలాగూ ఉండదు. రాజకీయ నిర్ణయాన్ని స్మరించే ప్రింట్లకు ఇది పుట్టుకతో వచ్చే లోపం. నిర్ణయం అంటే గది, గది అంటే అందులోకి అడుగుపెట్టే హక్కు ఉన్నవాళ్లు.

కాబట్టి ప్రతి ‘గది’ ప్రింటుకూ జోడీగా ఒక ‘బయటి’ ప్రింటు వెతకండి. నా ఎంపిక కార్టూనిస్టు థామస్ నాస్ట్ వేసిన ‘ఎమాన్సిపేషన్’ (విమోచన). 1863 జనవరి 24 నాటి హార్పర్స్ వీక్లీ అనే వారపత్రికలో రెండు పేజీల మీద వచ్చింది. మధ్యలో పొయ్యి చుట్టూ చేరిన నల్లజాతి కుటుంబం. ఎడమ వైపు గతం: వేలంపాట, కొరడా. కుడి వైపు రాబోయే కాలం: బడికి వెళ్లే పిల్లలు, కూలి డబ్బు అందుకుంటున్న మనుషులు. 1865లో ఫిలడెల్ఫియాలో కింగ్ అండ్ బేర్డ్ ముద్రించిన ప్రతిలో ఒక మార్పు ఉంది. పత్రికలో కుటుంబం కింద ఉన్న చిన్న వలయంలో కాలపురుషుడు, సంకెళ్లు తెంచే పసివాడు ఉండేవారు. ఆ చోట లింకన్ ముఖం వచ్చి కూర్చుంది. రెండేళ్లలో కాలం చేసిన పని కాస్తా ఒక మనిషి చేసిన పని అయిపోయింది.

1866 మే 12 నాటి హార్పర్స్ వీక్లీలో ఫ్రెడరిక్ డీల్మన్ బొమ్మ కూడా చూడండి. వాషింగ్టన్‌లో బానిసత్వ రద్దును నల్లజాతి ప్రజలు ఆ ఏప్రిల్ 19న జరుపుకున్న తీరు అది. వీధి నిండా జనం.

ఏడో మెట్టు: భూతద్దం

పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు, నగల షాపులవాళ్లు వాడేది. ముఖం మీద నీడ ఉన్న చోట పెట్టి చూడండి.

స్టీలు ఎన్‌గ్రేవింగ్ అయితే సన్నని గీతలు, చుక్కలు విడివిడిగా, చేతితో పెట్టినట్టు కనిపిస్తాయి. వాటి దూరాలు, మందాలు మారుతుంటాయి. అంచు కత్తిరించకపోతే పలక నొక్కిన గాడి వేలికి తగులుతుంది. లితోగ్రాఫ్ అయితే మెత్తని క్రేయాన్ గీసినట్టు గరుకు. హార్పర్స్ వీక్లీ లాంటి చెక్క అచ్చులో నలుపు గట్టిగా ఉంటుంది. పెద్ద బొమ్మల్లో నిలువుగా, అడ్డంగా సన్నని తెల్ల గీతలు కనిపించవచ్చు. పెద్ద బొమ్మను చిన్న చిన్న చెక్క దిమ్మెలుగా విడగొట్టి తలొకరూ చెక్కి బిగించేవారు, ఆ అతుకులవి. అసలు పత్రిక పేజీ అయితే వెనక వైపు అక్షరాలు ఉండి తీరాలి, మధ్యలో మడత ఉండాలి. వెనక ఖాళీగా, తెల్లగా ఉంటే తర్వాతి నకలు.

ఒకే దూరంలో వరుసగా పేర్చిన చుక్కలు కనిపిస్తే హాఫ్‌టోన్ (బొమ్మను చుక్కలుగా మార్చి అచ్చువేసే పద్ధతి), అంటే 1880ల తర్వాతది. నీలం, గులాబీ, పసుపు చుక్కలు పూవుల్లా గుమిగూడి ఉంటే మన కాలపు ఆఫ్‌సెట్. ఇంకేం చూడక్కర్లేదు, పోస్టరే.

ఎనిమిదో మెట్టు: ఒళ్లు ఎవరిది, తల ఎవరిది

లింకన్ హత్య తర్వాత ఆయన బొమ్మలకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. కొత్త పలక చెక్కడానికి నెలలు పడుతుంది. కొందరు పాత పలకల్లో తలలు మార్చేశారు. వీటిలో పేరుపడ్డది విలియం పేట్ తెచ్చిన ప్రింటు. నిలువెత్తు లింకన్, ఠీవిగా అంగవస్త్రం, పక్కనే బల్ల మీద కాగితాలు. ఆ ఒళ్లు లింకన్‌ది కాదు, జాన్ కాల్హూన్‌ది. బానిసత్వం మంచిదేనని సెనేట్‌లో నిలబడి వాదించిన మనిషి! 1852లో ఆ కాల్హూన్ ప్రింటు చెక్కింది కూడా మన రిచీయే. బల్ల మీద కాగితాల పేర్లనూ మార్చారు. ‘రాష్ట్రాల సార్వభౌమత్వం’ అని ఉన్నచోట ‘విమోచన ప్రకటన’ అర్థం వచ్చే మాటలు పెట్టారు. దొరికిపోయింది పుట్టుమచ్చ వల్ల. లింకన్‌కు కుడి చెంప మీద ఉండే మచ్చ ఇందులో ఎడమ వైపు ఉంది, ఫోటోను తిరగేసి అతికించారు కాబట్టి.

అందుకే ఏ లింకన్ ప్రింటు చేతికి వచ్చినా ముందు మచ్చ ఎటు ఉందో చూడండి. తర్వాత మెడ దగ్గర గీతల తీరు ఒక్కసారిగా మారిందేమో చూడండి.

తొమ్మిదో మెట్టు: కొనేటప్పుడు

బొమ్మ లేకుండా ఒట్టి పాఠంతో ఉన్న స్మారక ప్రతుల దగ్గర అందరికన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. 1864 జూన్‌లో ఫిలడెల్ఫియాలో గాయపడ్డ సైనికుల సహాయార్థం జరిగిన పెద్ద సంతలో ప్రకటన పాఠాన్ని 48 ప్రతులు అచ్చువేసి, లింకన్, సీవార్డ్ సంతకాలతో ఒక్కోటి 10 డాలర్లకు పెట్టారు. అప్పట్లో అన్నీ అమ్ముడుపోలేదు కూడా. 2010లో వాటిలో ఒకటి వేలంలో 37 లక్షల డాలర్లు దాటింది. కాబట్టి సంతలో మీకు కనిపించే ‘లింకన్ సంతకం’ దాదాపు ఎప్పుడూ అచ్చు సంతకమే. మ్యూజియం దుకాణాలు అమ్మే, పసుపు పట్టించి ముడతలు పెట్టిన ‘పార్చ్‌మెంట్’ ప్రతులైతే లెక్కలేనన్ని.

సరదా పడి కొనాలనుకునేవాళ్లకు నా సలహా హార్పర్స్ వీక్లీ అసలు పేజీలు. విరివిగా దొరుకుతాయి, తేదీ పేజీ మీదే ఉంటుంది, యుద్ధకాలం నాటి ఆ కాగితం గుడ్డ పీచుతో చేసింది కాబట్టి ఇప్పటికీ గట్టిగా ఉంటుంది. మరొకటి అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌కు చెందిన డబ్ల్యూ. హెచ్. ప్రాట్ 1865లో చేసినది. ప్రకటన పాఠాన్నే సన్నగా, లావుగా చేతిరాతతో రాస్తూ అక్షరాలతోనే లింకన్ ముఖం తెప్పించాడు. దగ్గరికెళ్తే చట్టం, దూరం జరిగితే మనిషి. అమ్మేవాళ్లను వెనక వైపు ఫోటో, ఫ్రేము తీసిన ఫోటో తప్పనిసరిగా అడగండి. సాకులు చెబితే వదిలేయండి.

పదో మెట్టు: ఫ్రేము

మన ఊళ్లలో ఫ్రేము కట్టేవాళ్లకు ఇస్తే అలవాటుగా ఫెవికాల్ రాసి హార్డ్‌బోర్డుకు అతికించేస్తారు. ఇచ్చే ముందే వద్దని గట్టిగా చెప్పాలి. లామినేషన్, సెల్లోటేపు ఊసే వద్దు. యాసిడ్ లేని మౌంట్‌బోర్డు కొని, పైన రెండు చోట్ల మాత్రమే సన్నని జపాన్ కాగితపు పట్టీలతో, గోధుమ గంజితో వేలాడదీయాలి. గాజుకూ బొమ్మకూ మధ్య ఖాళీ ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బయటి గోడకు తగిలించొద్దు, వానాకాలంలో ఆ గోడ చెమ్మగిల్లుతుంది. ఎండ తగిలే గోడ ఇంకా చెడ్డది.

పదకొండో మెట్టు: కింద ఏం రాయాలి

పిల్లల ప్రాజెక్టుకైనా, వాట్సాప్ పోస్టుకైనా క్యాప్షన్‌లో మూడు తేదీలూ రావాలి, చట్టం ఎంతవరకు వర్తించిందో రావాలి. 1863 ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. కెంటకీ, మిస్సోరీ, మేరీల్యాండ్, డెలావేర్‌లలోని బానిసలను అది తాకలేదు. రిచీ ప్రింటుకు నేనైతే ఇలా రాస్తాను: ‘1862 జూలై 22న విమోచన ప్రకటన చిత్తుప్రతిపై లింకన్ మంత్రివర్గ చర్చ. ప్రకటనను వాయిదా వేయాలన్న సీవార్డ్ సూచన. కార్పెంటర్ 1864లో వేసిన చిత్రానికి ఎ. హెచ్. రిచీ చెక్కిన ప్రింటు, న్యూయార్క్, 1866.’

బ్రిటిష్ ప్రింట్లకూ ఇదే కొలత. 1834 ఆగస్టు 1న కరీబియన్ దీవుల్లో విముక్తి వచ్చిందని సంబరాలు చేసుకుంటున్న జనాన్ని అలెగ్జాండర్ రిప్పింగిల్ వేస్తే డేవిడ్ లూకాస్ మెజోటింట్‌గా (పలకను గరుకు చేసి నీడలు తెప్పించే పద్ధతిలో) చెక్కాడు. ఆ సంబరం కింద రాయాల్సినవి: ఆ జనం 1838 దాకా ‘అప్రెంటిస్’ పేరుతో పాత యజమానుల దగ్గరే పనిచేయాల్సి వచ్చింది, 2 కోట్ల పౌండ్ల పరిహారం వెళ్లింది యజమానులకే. ఆ విముక్తిని తెచ్చిన 1833 బ్రిటిష్ చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలను, అంటే మన తెలుగు జిల్లాలను కూడా, మినహాయించింది. ఇక్కడ బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపు తీసేసింది 1843 నాటి ఐదో చట్టం. మారిషస్ చెరకు తోటల్లో విముక్తులైనవాళ్ల స్థానంలోకి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలీల్లో మనవాళ్లున్నారు. 1834 ప్రింటు పెట్టేటప్పుడు, చోటుంటే, ఆ ఒక్క వాక్యం కూడా చేర్చండి.